ఈడు రాకముందు వృషణం చేసే పని

ఏడేళ్ల మగపిల్లవాడి రక్తపరీక్ష రిపోర్టులో వృషణాన్ని నడిపే ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎదురుగా 0.3 కంటే తక్కువ అనీ, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఎదురుగా 10 కంటే తక్కువ అనీ ఉంటుంది. పక్క గడిలో పెద్దవాళ్ల పరిమితులు అచ్చయి ఉండడం వల్ల ఆ రెండు అంకెల దగ్గరా తక్కువ అన్న గుర్తు పడుతుంది. బొద్దుగా ఉన్న పిల్లవాడి పురుషాంగం పొత్తికడుపు కింది కొవ్వులో కూరుకుపోయి చిన్నదిగా కనబడడమే చాలాసార్లు ఆ పరీక్ష చేయించడానికి కారణం. కొవ్వును వెనక్కి నొక్కిపట్టి, అంగాన్ని సాగదీసి, ఎముకకు ఆనించిన స్కేలుతో కొలిస్తే పొడవు వయసుకు తగ్గట్టే ఉంటుంది. అయినా రిపోర్టులోని ఆ గుర్తు చూసి ఇంటిల్లిపాదీ హార్మోన్ లోపమని బెంగపెట్టుకుంటారు. నిజానికి ఆ వయసులో ఆ అంకెలు అలాగే ఉండాలి. అంతకు మించి ఉంటేనే ఆలోచించాలి.

ఈ పొరపాటుకు మూలం ఒక పాత ఊహ. మగపిల్లల్లో పునరుత్పత్తి వ్యవస్థ పుట్టింది మొదలు పదేళ్ల దాకా పడుకుని ఉంటుందనీ, ఈడు వచ్చాకే మొదటిసారి కళ్లు తెరుస్తుందనీ ఆ ఊహ. కానీ ఏడేళ్లు వచ్చేసరికే ఈ వ్యవస్థ రెండుసార్లు పూర్తి బలంతో పనిచేసి ఉంటుంది. మొదటిసారి తల్లి కడుపులో, రెండోసారి పుట్టిన తొలి నెలల్లో. ఆ తర్వాత దానంతట అది అలసి ఆగిపోదు, మెదడే పగ్గం పట్టి ఆపుతుంది. అలా ఆపిన కాలంలో కూడా వృషణంలోని ఒక భాగం పని మానదు. నివురుగప్పిన నిప్పు అన్న మాట బాల్యంలోని ఈ స్థితికి అతికినట్టు సరిపోతుంది.

వ్యవస్థ నిర్మాణం చెప్పుకోవడానికి సులువైనదే. మెదడు అడుగున ఉండే హైపోథలామస్‌లోని కొద్దిపాటి నాడీకణాలు జీఎన్‌ఆర్‌హెచ్ అనే చిన్న హార్మోన్‌ను వదులుతాయి. అది పది అమైనో ఆమ్లాల గొలుసు. దీని నిర్మాణాన్ని తేల్చిన కృషికి ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్‌లకు 1977లో నోబెల్ బహుమతి దక్కింది. రక్తంలో అతి స్వల్పంగా ఉండే హార్మోన్లను కొలిచే రేడియో ఇమ్యునో ఎస్సే పద్ధతికి రోసలిన్ యాలో అదే ఏడాది అదే బహుమతిని వారితో పంచుకున్నారు. జీఎన్‌ఆర్‌హెచ్ ధారగా కాకుండా తెరలు తెరలుగా వస్తుంది. ఒక్కో తెరకు పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. వృషణంలో వీటిని అందుకునే కణాలు రెండు రకాలు. నాళాల మధ్య ఉండే లేడిగ్ కణాలు ఎల్‌హెచ్ మాట విని టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి. నాళాల లోపల ఉండే సెర్టోలీ కణాలు ఎఫ్‌ఎస్‌హెచ్ మాట విని, మున్ముందు వీర్యకణాలు కాబోయే బీజకణాలను పోషిస్తాయి. యాంటీ ములేరియన్ హార్మోన్, అంటే ఏఎంహెచ్, ఇన్‌హిబిన్ బి అనే మరో రెండు హార్మోన్లు పుట్టేది కూడా సెర్టోలీ కణాల్లోనే. బాల్యం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మరిచిపోయేవి ఈ రెండింటినే.

గర్భస్థ శిశువులో వృషణం ఏర్పడగానే సెర్టోలీ కణాలు ఏఎంహెచ్ వదలడం మొదలుపెడతాయి. గర్భాశయంగా, అండవాహికలుగా మారగల నాళాలు దాని ప్రభావంతో కరిగిపోతాయి. ఎనిమిదో వారానికల్లా లేడిగ్ కణాలు టెస్టోస్టెరాన్ ఇవ్వసాగుతాయి. పదకొండు నుంచి పధ్నాలుగో వారం మధ్య దాని మోతాదు ఉచ్ఛస్థితికి చేరుతుంది. బాహ్య జననాంగాలు మగపిల్లవాడి రూపు సంతరించుకునేది ఈ రోజుల్లోనే. అప్పటికి శిశువు పీయూష గ్రంథి ఇంకా పనిలోకి దిగి ఉండదు కనుక లేడిగ్ కణాలను నడిపేది మాయ నుంచి వచ్చే హెచ్‌సీజీ. గర్భనిర్ధారణ పట్టీ మీద రెండో గీత పడేలా చేసే హార్మోన్ కూడా ఇదే. గర్భం రెండో సగంలో పగ్గాలు శిశువు పీయూష గ్రంథి చేతికి వస్తాయి. అంగం పొడవు పెరగడం, వృషణాలు పొట్టలోంచి సంచిలోకి దిగడం ఆ దశలో జరుగుతాయి. అందుకే పీయూష గ్రంథి సరిగా పనిచేయని మగశిశువు జననాంగాలు మగ రూపులోనే ఉన్నా, అంగం మరీ చిన్నదిగా, వృషణాలు దిగకుండా పుట్టవచ్చు. తొలి దశను మాయ నడిపింది, మలి దశను నడపాల్సిన గ్రంథి నడపలేదు అన్న కథంతా ఆ శరీరం మీదే కనబడుతుంది.

కాన్పు దగ్గరపడే కొద్దీ మాయ నుంచి వచ్చే ఈస్ట్రోజెన్లు శిశువు పీయూష గ్రంథిని అణిచివేస్తాయి. పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తంలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా తక్కువగా ఉండడానికి కారణం అదే. బొడ్డుతాడు కోయడంతో ఆ ఈస్ట్రోజెన్ల రాక ఆగుతుంది, కొద్ది రోజుల్లోనే అణచివేత తొలగుతుంది. మొదటి వారం తిరిగేసరికి రెండు హార్మోన్లూ పైకి లేవడం మొదలవుతుంది. ఒకటి నుంచి మూడు నెలల మధ్య టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 60 నుంచి 400 నానోగ్రాముల దాకా చేరుతుంది. ఎదిగిన మగవాడిలో సుమారు 300 నుంచి 1000 మధ్య ఉంటుందన్నది గుర్తుంచుకుంటే, ఉయ్యాలలోని పసివాడి రక్తంలో అది ఎంత ఎక్కువో అర్థమవుతుంది. వైద్యులు దీన్ని మినీ ప్యూబర్టీ అంటారు. చిన్న యవ్వనం అనుకోవచ్చు. ఆరు నెలలు నిండేసరికి ఇది చల్లబడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇది మరింత ఉధృతంగా వచ్చి, మరికొంత కాలం నిలుస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. అంత టెస్టోస్టెరాన్ ఉన్నప్పుడు పసివాడి వృషణంలో వీర్యకణాల తయారీ ఎందుకు మొదలు కాదు? ఏ పదమూడేళ్ల పిల్లవాడిలోనో అంత మోతాదు ఉంటే గొంతు మారుతుంది, మీసం వస్తుంది, వీర్యోత్పత్తి మొదలవుతుంది. జవాబు సెర్టోలీ కణాల దగ్గర ఉంది. టెస్టోస్టెరాన్ మాట వినాలంటే కణంలో దానికి గ్రాహకం ఉండాలి. మొదటి ఏడాదిలో సెర్టోలీ కణాల్లో ఆ గ్రాహకం దాదాపుగా ఉండదు. నాలుగైదేళ్ల వయసు నుంచి క్రమంగా పెరిగి, ఎనిమిదేళ్లు దాటేసరికి చాలా వరకు కణాల్లో కనిపిస్తుంది. అంటే చిన్న యవ్వనంలో లేడిగ్ కణాలు ఎంత గట్టిగా పిలిచినా సెర్టోలీ కణాల చెవిన పడదు. అవి అపరిపక్వంగానే ఉండి, ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రోద్బలంతో సంఖ్యలో పెరుగుతూ పోతాయి. శరీర నిర్మాణంలోని ఈ ముందుచూపు నిజంగా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒక్కో సెర్టోలీ కణం పోషించగల బీజకణాలకు ఒక హద్దు ఉంటుంది కనుక, ఎదిగాక ఆ మనిషి వీర్యోత్పత్తి సామర్థ్యం ఎంతో నిర్ణయించే అంశాల్లో పసితనంలో పోగుపడిన ఈ కణాల సంఖ్య ఒకటి.

అదే నెలల్లో బీజకణాల్లోనూ మార్పు జరుగుతుంది. గర్భంలో ఉన్నప్పటి ఆదిమ రూపం వదిలి, జీవితకాలమంతా వీర్యకణాలకు మూలధనంగా ఉండే కణాలుగా అవి మారతాయి. ఈ మార్పుకు వృషణం సంచిలోనే ఉండడం అవసరం. పొట్టలోనో గజ్జల్లోనో ఉండిపోయిన వృషణానికి శరీరపు వేడి ఎక్కువగా తగులుతుంది. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి నలుగురికి పుట్టినప్పుడు ఒక వృషణమో రెండూనో దిగి ఉండవు. చిన్న యవ్వనపు హార్మోన్ల ఊపుతో వీరిలో కొందరికి తొలి నెలల్లో వాటంతట అవే దిగుతాయి. ఆరు నెలల తర్వాత ఆ ఊపు ఉండదు, ఆ తర్వాత దిగే అవకాశమూ దాదాపు ఉండదు. ఆపరేషన్‌ను ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య చేయించాలని వైద్య మార్గదర్శకాలు చెప్పేది ఈ కారణంగానే. మన ఇళ్లలో మాత్రం పెద్దయ్యే కొద్దీ అవే దిగుతాయిలే అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది, పిల్లవాణ్ని బళ్లో వేసే వయసులోనో ఇంకా తర్వాతో డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. ఆ ఆలస్యం వల్ల జరిగే నష్టం పిల్లవాడికి అప్పుడు తెలియదు, పెళ్లయి పిల్లలు కలగనప్పుడు తెలుస్తుంది. చలికి, భయానికి పైకి ముడుచుకుని, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోబెడితే కిందికి వచ్చే వృషణం సంగతి వేరు. దానికి ఆపరేషన్ అక్కర్లేదు, ఏటా ఒకసారి చూపిస్తే చాలు.

చిన్న యవ్వనం వైద్యులకు ఒక కిటికీ కూడా. అంగం మరీ చిన్నదిగా ఉండి, రెండు వృషణాలూ దిగని శిశువుకు ఒకటి నుంచి మూడు నెలల మధ్య ఒక్కసారి రక్తం తీసి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ చూస్తే, మెదడు నుంచి వృషణం దాకా ఉన్న దారి తెరిచి ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ మూడూ లేవాల్సిన సమయంలో లేవకపోతే లోపం హైపోథలామస్‌లోనో పీయూష గ్రంథిలోనో ఉందని అర్థం. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా లేచి టెస్టోస్టెరాన్ మాత్రం లేవకపోతే లోపం వృషణంలో ఉన్నట్టు. అదే పరీక్షను మూడో ఏట చేస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికీ లోపం ఉన్న పిల్లవాడికీ ఒకే అంకెలు వస్తాయి. మళ్లీ తేడా తెలిసేది ఈడు వచ్చే వయసులోనే.

ఆరు నెలల తర్వాత ఈ వ్యవస్థను ఆపేది ఎవరన్న ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించింది. వృషణం నుంచి వచ్చే కొద్దిపాటి టెస్టోస్టెరాన్‌కే పసి మెదడు బెదిరి వెనక్కి తగ్గుతుందని ఒకప్పుడు భావించారు. అందులో కొంత నిజం ఉన్నా, అసలు కథ వేరు. పుట్టుకతో వృషణాలు లేని మగపిల్లల్లోనూ, అండాశయాలు పనిచేయని టర్నర్ సిండ్రోమ్ ఆడపిల్లల్లోనూ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పసితనంలో విపరీతంగా పెరుగుతాయి, నడి బాల్యంలో తగ్గుతాయి, ఈడు వచ్చే వయసుకు మళ్లీ ఎగుస్తాయి. కింద నుంచి ఆపమని చెప్పే గ్రంథి లేకపోయినా మధ్యలో ఆ తగ్గుదల వస్తోందంటే, పగ్గం మెదడు చేతిలోనే ఉన్నట్టు. వృషణాలు తీసేసిన రీసస్ కోతిపిల్లల్లోనూ ఇదే తీరు కనిపించింది.

మరి ఆ కాలంలో జీఎన్‌ఆర్‌హెచ్ కణాలకు శక్తి లేదా, శక్తి ఉండీ ఆగుతున్నాయా? ఎర్నస్ట్ నోబిల్ బృందం ఈడు రాని ఆడ రీసస్ కోతులకు గంటకోసారి చొప్పున జీఎన్‌ఆర్‌హెచ్ ఎక్కించి, వాటి పునరుత్పత్తి వ్యవస్థను పూర్తిగా నడిపించగలిగినట్టు 1980లో ప్రకటించింది. అంటే పీయూష గ్రంథి, దాని కింది గ్రంథులు ఎప్పుడో సిద్ధంగా ఉన్నాయి, తెర అందితే చాలు. తర్వాత టోనీ ప్లాంట్ బృందం ఇంకో మెట్టు పైకి వెళ్లి, మెదడు కణాలను ఉత్తేజపరిచే ఎన్‌ఎండీఏ అనే పదార్థాన్ని ఈడు రాని మగ కోతులకు విడతలు విడతలుగా ఇచ్చి, వాటి సొంత జీఎన్‌ఆర్‌హెచ్ కణాల చేతనే వృషణాలను మేలుకొలిపింది. ఆ కణాలకూ శక్తి ఉంది, ఎవరో పట్టుకుని ఉన్నారు అంతే అన్నది దీంతో తేలిపోయింది.

ముందుకు నెట్టే చేతులు, వెనక్కి పట్టుకునే చేతుల పేర్లు ఈ శతాబ్దంలో ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. కిస్‌పెప్టిన్ అనే నాడీ సంకేతం అందుకునే గ్రాహకం చెడిపోయిన కుటుంబాల్లో పిల్లలకు ఈడు రావడం లేదని 2003లో రెండు బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. కిస్‌పెప్టిన్ గేరు ముందుకు వేసేది. వెనక్కి లాగే చేతుల్లో ఒకటి ఎంకేఆర్‌ఎన్3 అనే జన్యువు అని 2013లో తెలిసింది. ఈ జన్యువు చెడితే పగ్గం ముందే వదులై, పిల్లలకు అకాలంలో ఈడు వస్తుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఈ జన్యువుకు తల్లి నుంచి వచ్చిన నకలు పుట్టుకతోనే మూగదై ఉంటుంది, తండ్రి నుంచి వచ్చిన నకలు మాత్రమే పనిచేస్తుంది. కాబట్టి లోపం తండ్రి నుంచి వస్తేనే బిడ్డలో బయటపడుతుంది. ఆ తండ్రికి అది తన తల్లి నుంచి వచ్చి ఉంటే, ఆయనకు ఈడు మామూలు వయసులోనే వచ్చి ఉంటుంది. కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు ఒక తరం దాటి నానమ్మ దాకా ఎందుకు వెళ్లాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

పగ్గం పట్టినంత మాత్రాన పూర్తి నిశ్శబ్దం రాదు. రేడియో ఇమ్యునో ఎస్సే ఎంత గొప్ప పద్ధతైనా, పిల్లల్లో ఉండేంత తక్కువ ఎల్‌హెచ్‌ను నమ్మకంగా పట్టలేకపోయింది. అందుకే పాత పట్టికల్లో బాల్యమంతా ఒక చదునైన గీతలా కనిపించేది. 1980ల చివర, 1990ల మొదట్లో అంతకంటే ఎన్నో రెట్లు సున్నితమైన పద్ధతులు వచ్చాక, రాత్రంతా కొద్ది నిమిషాలకోసారి పిల్లల రక్తం నమూనాలు తీసి చూశారు. ఆ చదునైన గీత లోపల చిన్న చిన్న తెరలు కనిపించాయి. నిద్రపట్టాక అవి కాస్త పెద్దవవుతున్నాయి, పగలు సద్దుమణుగుతున్నాయి. ఈడు దగ్గరపడే కొద్దీ ముందుగా పెరిగేది ఈ రాత్రి తెరల ఎత్తే. కనుక ఈడు రావడమంటే లేనిది కొత్తగా పుట్టడం కాదు, ఉన్న లయే బిగ్గరగా వినిపించడం. తొలిదశలో ఉన్న పిల్లవాడి రక్తం మధ్యాహ్నం తీస్తే ఏమీ లేనట్టు కనిపించి, పొద్దున్నే తీస్తే టెస్టోస్టెరాన్ బయటపడేది ఇందుకే. పరీక్షకు ఉదయం ఎనిమిది గంటలకు రమ్మంటే ఆ సమయం పాటించడం అవసరం.

లేడిగ్ కణాలు ఇలా ఒదిగి ఉన్న ఏళ్లన్నిటా సెర్టోలీ కణాలు ఏఎంహెచ్‌ను ధారాళంగా వదులుతూనే ఉంటాయి. ఏడేళ్ల పిల్లవాడి రక్తంలో టెస్టోస్టెరాన్ కొలతకు అందకపోయినా ఏఎంహెచ్ మాత్రం ఎదిగిన మగవాడికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఇన్‌హిబిన్ బి చిన్న యవ్వనంలో ఉచ్ఛస్థితికి చేరి, తర్వాత తగ్గినా, కొలతకు అందే స్థాయిలోనే ఉంటుంది. మొదటి పేరాలోని రిపోర్టు చూసి బెంగపడ్డ కుటుంబం తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇది. వృషణం ఉందా, ఆరోగ్యంగా ఉందా అన్న ప్రశ్నకు ఆ వయసులో జవాబు చెప్పగలిగింది టెస్టోస్టెరాన్ కాదు, ఏఎంహెచ్. రెండు వృషణాలూ చేతికి తగలని అయిదేళ్ల పిల్లవాడిలో ఏఎంహెచ్ బాగా ఉంటే అవి లోపల ఎక్కడో ఉన్నట్టు, వెతకాలి. అసలు లేకపోతే వృషణ కణజాలం లేనట్టు. ఆ వయసులో ఎఫ్‌ఎస్‌హెచ్‌ను నమ్ముకోవడానికి లేదు, పగ్గం పట్టిన మెదడు వృషణం లేని పిల్లవాడిలోనూ దాన్ని కిందికే ఉంచగలదు. ఏఎంహెచ్‌తో విషయం తేలనప్పుడు హెచ్‌సీజీ ఇంజెక్షన్లు ఇచ్చి, లేడిగ్ కణాలు టెస్టోస్టెరాన్ ఇస్తాయేమో చూస్తారు. తల్లి కడుపులో మాయ చేసిన పనినే ఇక్కడ సూది చేస్తుంది. పరీక్ష కోసం అయితే అది సబబే. బొద్దుగా ఉన్న ఆరోగ్యవంతుడైన పిల్లవాడికి అంగం పెరగాలని అవే ఇంజెక్షన్లు నెలల తరబడి ఇప్పించడం మాత్రం తప్పు. వాటివల్ల వచ్చే టెస్టోస్టెరాన్ ఎముకల వయసును ముందుకు నెడుతుంది, చివరికి ఎత్తులో కోత పడవచ్చు.

ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య మూత్రపిండాల పైన కూర్చున్న అడ్రినల్ గ్రంథులు డీహెచ్ఈఏఎస్ అనే బలహీనమైన హార్మోన్‌ను పెంచడం మొదలుపెడతాయి. ఆటలాడి వచ్చిన పిల్లవాడి చొక్కాకు పెద్దవాళ్ల చెమట వాసన రావడం, తల నూనెగా తయారవడం, కొందరికి ముందుగానే కొద్దిగా వెంట్రుకలు రావడం దీని పని. ఇది ఈడు కాదు, మెదడు పగ్గంతో దీనికి సంబంధం లేదు. అయితే మగపిల్లవాడికి తొమ్మిదేళ్ల లోపు వెంట్రుకలతో పాటు అంగమూ పెరుగుతూ, ఎత్తు కూడా గబగబా సాగుతుంటే ఊరుకోకూడదు. అప్పుడు చూడాల్సింది వృషణాల పరిమాణం.

దానికి వాడే సాధనం చేతిలో ఇమిడే ఒక దండ. స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు ఆండ్రియా ప్రాడర్ 1966లో రూపొందించిన ఆ దండలో గుడ్డు ఆకారపు పూసలు పన్నెండు ఉంటాయి, ఒక మిల్లీలీటరు నుంచి ఇరవై అయిదు దాకా. డాక్టరు ఒక చేత్తో పిల్లవాడి వృషణాన్ని తడుముతూ, ఇంకో చేత్తో పూసలను వరుసగా తడిమి, ఏ పూసకు సరిపోతుందో చూస్తారు. మూడు దాకా బాల్యం. నాలుగో పూసకు సరిపోతే ఈడు మొదలైనట్టు. పరిమాణం పెరగడానికి కారణం ఎఫ్‌ఎస్‌హెచ్‌కు స్పందించి సంఖ్య పెంచుకున్న సెర్టోలీ కణాలు కనుక, ఈ పూసల దండ పరోక్షంగా మెదడు పగ్గాన్నే కొలుస్తుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లవాడిలో మగలక్షణాలు వస్తూ రెండు వృషణాలూ నాలుగు మిల్లీలీటర్లు దాటితే పగ్గం వదులైంది మెదడులోనే అన్న అనుమానం బలపడుతుంది. మగపిల్లల్లో దాని వెనుక మెదడులో గడ్డలాంటి కారణం ఉండే అవకాశం ఆడపిల్లల కంటే ఎక్కువ కనుక ఎంఆర్ఐ తప్పదు. మగలక్షణాలు వస్తున్నా వృషణాలు రెండు మిల్లీలీటర్ల దగ్గరే ఉంటే హార్మోన్ ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టు. చాలాసార్లు అది పుట్టుకతో వచ్చే అడ్రినల్ లోపం. ఒక్కోసారి తండ్రి భుజాలకు రాసుకునే టెస్టోస్టెరాన్ జెల్ ఎత్తుకున్నప్పుడు బిడ్డ చర్మానికి అంటడం. ఈ ప్రమాదం గురించి ఆ జెల్‌ల సమాచార పత్రాల్లో ప్రముఖంగా హెచ్చరిక చేర్చాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో ఆదేశించింది.

రెండో వైపు, పధ్నాలుగేళ్లు నిండినా నాలుగో పూస అందని అబ్బాయి ఉంటాడు. వీరిలో ఎక్కువమందికి వ్యవస్థ బాగానే ఉంటుంది, గడియారం మాత్రం నెమ్మదిగా నడుస్తుంది. తండ్రికో మేనమామకో కూడా మీసం ఆలస్యంగా వచ్చి ఉంటుంది. కొద్దిమందిలో మాత్రం జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు ఉండాల్సిన చోట లేకపోవడమే కారణం. ఆ కణాలు పుట్టేది మెదడులో కాదు, గర్భస్థ శిశువు ముక్కులో. వాసన నాడుల వెంట పైకి పాకి హైపోథలామస్‌కు చేరతాయి. ఆ ప్రయాణం మధ్యలో ఆగిన కాల్‌మన్ సిండ్రోమ్‌లో అబ్బాయికి ఈడూ రాదు, వాసనా తెలియదు. రెండు రకాల అబ్బాయిల రిపోర్టుల్లోనూ ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ ఒకేలా తక్కువగా ఉంటాయి. ఇన్‌హిబిన్ బి కొంత తేడా చూపుతుంది, నెమ్మదిగా ఎదిగే అబ్బాయిలో అది సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. అందుకే పూసల దండ పక్కన పెట్టిన డాక్టరు తర్వాత అడిగే మాట, పొద్దున్నే వంటింట్లో తాలింపు వాసన నీకు తెలుస్తుందా అని. ఆ అబ్బాయి రెండో నెల పసివాడిగా ఉన్నప్పటి రక్తపరీక్ష కాగితం ఒకటి ఇంట్లో బీరువాలో దొరికితే, చాలావరకు అసలు జవాబు అందులోనే ఉంటుంది.